ఎవరూ పంపని ఆజ్ఞ

వెల్డింగ్ జరిగేచోట, షీల్డు పట్టుకున్న వెల్డరు పక్కనే చొక్కా చేతులు మోచేతులపైకి మడుచుకుని పని అందించే హెల్పరును మనం తరచుగా చూస్తుంటాము. సాయంత్రానికి అతని ముంజేతులు ఎర్రబారి మండుతాయి. "వేడి తగిలింది" అని సరిపెట్టుకుంటాడు. అది కేవలం వేడి కాదు. కంటికి కనబడని అతినీలలోహిత కాంతి చేసిన పని. ఆ పని చర్మాన్ని కమిలించడంతో ముగియదు.

చర్మపు పైపొర నిత్యం రాలిపోతూ, అడుగుపొరలోని కణాల విభజన వలన మరల నిండుతూ ఉంటుంది. ఈ విభజనకు ఆజ్ఞ కావాలి. అటువంటి ఆజ్ఞను మోసే ఒక ప్రోటీనును అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ కనుగొన్నారు. దానిని ఎక్కించిన ఎలుక పిల్లలకు కళ్ళు నియమిత కాలానికంటే ముందే తెరుచుకున్నాయి. 'ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టర్' అనే ఈ వృద్ధికారకంపై చేసిన కృషికి ఆయనకు, నాడీ వృద్ధికారకాన్ని కనుగొన్న రీటా లెవీ-మోంటాల్చినీకి కలిపి 1986లో నోబెల్ బహుమతి లభించింది.

కణం ఉపరితలంపై ఈ కారకాన్ని అందుకునే గ్రాహకాలు ఉంటాయి. కారకం తగలగానే అవి జతకూడి, తమ లోపలి కొసలకు ఫాస్ఫేటును తగిలించుకుంటాయి. అదే 'ఆన్' సంకేతం. అక్కడినుండి ప్రోటీన్లు ఒకదాని నొకటి మేల్కొలుపుతూ, రిలేల వరుసవలె వార్తను కేంద్రకానికి చేరుస్తాయి. ఫాస్ఫటేజ్‌లనే ఎంజైములు ఆ ఫాస్ఫేటును తొలగించి 'ఆఫ్' చేస్తాయి. కారకం రాని వేళ గ్రాహకాలు వాటంతటవే మేల్కొనకుండా అణచివుంచేవి కూడా ఇవే.

1990ల దశకంలో పరిశోధకులు ఒక వింతను గమనించారు. వృద్ధికారకం లేకున్నా, అతినీలలోహిత కాంతి పడిన కొద్ది నిమిషాలలోనే గ్రాహకాలు మేల్కొంటున్నాయి. ఆ కాంతి వలన కణంలో హైడ్రోజన్ పెరాక్సైడు వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టి, ఫాస్ఫటేజ్‌లను ఆక్సీకరించి పనిచేయనీయకపోవడం ఇందుకొక ముఖ్యకారణం. మన పరిభాషలో చెప్పాలంటే, స్టార్ట్ బటన్ ఎవరూ నొక్కలేదు. స్టాప్ బటన్ పనిచేయడం మానింది.

ఇదే కాంతి కేంద్రకంలోని డి.ఎన్.ఎ.ను కూడా గాయపరుస్తుంది. అప్పుడు పి53 అనే ప్రోటీను విభజనను నిలిపి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. బాగుపడదనుకుంటే కణాన్నే అంతమొందిస్తుంది. ఒకవైపు 'ఆగు' అనే ఆజ్ఞ, మరొకవైపు 'బ్రతుకు, పెరుగు' అనే తప్పుడు ఆజ్ఞ! ఒకనాటి ఎండకు సాధారణంగా మొదటిదే నెగ్గుతుంది. ఏళ్ళ తరబడి దెబ్బలు తగిలి పి53 జన్యువే చెడిపోతే, చెడిన నమూనాతోనే కణాలు పెరుగుతాయి. చర్మ కాన్సరుకు అది దారి తీయవచ్చు.

మన చర్మంలోని మెలనిన్ చాలావరకు కాపాడుతుంది గాని, అది సంపూర్ణ కవచం కాదు. పైగా సూర్యకాంతిలోని అతి తీవ్రమైన భాగాన్ని ఓజోన్ పొర అడ్డుకుంటుంది. వెల్డింగ్ ఆర్కుకూ మన చేతికీ నడుమ ఆ పొర లేదు. వెల్డింగ్ నుండి వెలువడే అతినీలలోహిత కాంతిని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2017లో మానవులకు కాన్సరు కలిగించేవాటి జాబితాలో చేర్చింది.

కనుక హెల్పరుకు కూడా షీల్డు, తోలు చేతితొడుగులు, గొంతుదాకా బొత్తాములు పెట్టిన మందపాటి నూలు చొక్కా, ఆర్కు చుట్టూ తెర తప్పనిసరి. మిట్టమధ్యాహ్నం బయటికి వెళ్ళే ఇంటివారికి గొడుగు మేలు. కణంలో చెడిన స్టాప్ బటన్‌ను మనం బాగుచేయలేము. అది చెడకుండా చొక్కా చేతులు దించుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.