తల వణుకుకు సూదిమందు

మన ఇళ్లల్లో, మన సంఘాల్లో కొందరు పెద్దల తల అదేపనిగా అటూ ఇటూ ఊగుతుంటుంది. కాఫీ అందిస్తే వద్దంటున్నారేమో అనుకుంటాం. పిల్లలు నవ్వుతారు. వారు సిగ్గుపడి పెళ్లిళ్లకు, కూడికలకు రావడం మానేస్తారు. ముసలితనం కదా అని మనమూ ఊరుకుంటాం.

కాని ఇది ఒట్టి ముసలితనం కాదు. ఎసెన్షియల్ ట్రెమర్ అనే నరాల జబ్బు దీనికి ఒక కారణం. కొన్ని కుటుంబాల్లో ఇది తరతరాలుగా వస్తుంది. ప్రొప్రనలాల్, ప్రిమిడోన్ మాత్రలు చేతుల వణుకును కొంత తగ్గిస్తాయి గాని, తల వణుకుకు అంతగా పనిచేయవు.

అందుకే వైద్యులు బొట్యులినమ్ టాక్సిన్‌ను పరీక్షించారు. ఇది నిజానికి విషమే. సరిగా నిల్వచేయని ఆహారంలో ఒక సూక్ష్మజీవి దీన్ని తయారుచేస్తుంది. అతి కొద్ది మోతాదులో కండరంలోకి ఎక్కిస్తే, నరం నుండి కండరానికి అందే సంకేతాన్ని కొన్ని వారాలపాటు అడ్డుకుంటుంది. మెల్లకన్ను చికిత్సకు అమెరికాలో 1989లోనే దీనికి అనుమతి లభించింది.

తల వణుకుపై ఫ్రాన్స్ వైద్యులు జరిపిన పరీక్ష ఫలితాలు 2023లో వెలువడ్డాయి. లెక్కలోకి తీసుకున్న 117 మందిలో 62 మందికి మందు, 55 మందికి మందు లేని సూది వేశారు. ఎవరికి ఏది పడిందో రోగులకు తెలియనివ్వలేదు. మెడ వెనుక ఇరువైపులా కండరాల్లో, పన్నెండు వారాల తేడాతో రెండుసార్లు వేశారు.

రెండో సూది తరువాత ఆరు వారాలకు, మందు పడినవారిలో నూటికి 31 మంది వణుకు బాగా తగ్గిందన్నారు. మందు లేని సూది పడినవారిలోనూ నూటికి 9 మంది అదే మాట చెప్పారు. ఇలా పోల్చి చూడకపోతే ఆ మేలును కూడా మందు ఖాతాలోనే వేసేవాళ్లం!

మరో వైపు కూడా చూడాలి. మందు పడినవారిలో దాదాపు సగం మందికి తలనొప్పి, మెడనొప్పి, మెడ నిలపలేని నీరసం, మింగడంలో కష్టం వంటి ఇబ్బందులు కలిగాయి. రెండో సూది తరువాత పన్నెండు వారాలయ్యేసరికి మేలు చాలావరకు తరిగిపోయింది.

కాబట్టి పూర్తిగా నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మి అప్పు చేయవద్దు. ముందుగా నరాల వైద్యునికి చూపించి, వణుకుకు కారణం తెలుసుకోండి. సూది వేయించుకున్నాక మింగడం గాని ఊపిరి తీయడం గాని కష్టమైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఖర్చులేని సహాయం ఒకటి మన చేతిలోనే ఉంది. తల ఊగే పెద్దలను ఏదైనా అడిగినప్పుడు, తలను చూసి నిర్ణయించక, వారి నోటి మాట కోసం కాస్త ఆగుదాం.