ఒక జట్టు – నాలుగు ఆటస్థలములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిషిగన్ రాష్ట్రమున ఆన్ ఆర్బర్ అను పట్టణము కలదు. దాని జనసంఖ్య లక్షా ఇరువది వేలకు కొంచెము పైమాట. శరదృతువున కొన్ని శనివారములయందు ఆ యూరి క్రీడాప్రాంగణము ఒక్కదానిలోనే ఇంచుమించు అంతమంది జనులు కూర్చుందురు. అది మిషిగన్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఫుట్‌బాలు ఆడు స్థలము.

అమెరికావారి ఫుట్‌బాలు మనమెరిగిన ఆట కాదు. అందు బంతి కోలగా నుండును. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చును, తోడి ఆటగానికి విసరవచ్చును. ఎదుటి పక్షమువారు మీదబడి పడగొట్టవచ్చును. పేరు ఫుట్‌బాలే గాని కాలికంటె చేతికే పని హెచ్చు.

మిషిగన్ జట్టు తన మొదటి పందెమును 1879 మే 30వ తేదీన చికాగో నగరమున ఆడెను. నాటికి దానికి సొంత స్థలము లేదు. 1883 మొదలు కొన్ని యేండ్లు ఆ జిల్లావారు ప్రదర్శనలు జరుపు మైదానమున ఆడుకొనిరి. 1893లో రీజెంట్స్ ఫీల్డు ఏర్పడెను. రీజెంట్లనగా విశ్వవిద్యాలయ పాలకవర్గమువారు.

1901లో ఫీల్డింగ్ యోస్ట్ అను శిక్షకుడు వచ్చెను. ఆ యేడు జట్టు పదునొకండు పందెములాడి 550 పాయింట్లు గెలిచెను. ఎదుటివారికి ఒక్కటియు దక్కనీయలేదు. ఇక జనము ఆగుదురా! చోటు చాలదాయెను. డిట్రాయిట్ నగరమున విత్తనముల వర్తకుడైన డెక్స్టర్ ఫెర్రీ 1902లో ప్రక్క భూమిని విశ్వవిద్యాలయమునకు దానమిచ్చెను. 1906 నుండి పందెములు ఆయన పేరిట వెలసిన ఫెర్రీ ఫీల్డునందు జరిగెను.

ఈ ఫెర్రీ ఫీల్డును గూర్చి మరియొక మాట చెప్పక దాటరాదు. ఫుట్‌బాలు అచ్చటినుండి తరలిపోయిన పిమ్మట, 1935 మే 25న, ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థియైన జెస్సీ ఓవెన్స్ నడుము నొప్పితోనే బరిలో దిగి, ముప్పావు గంటలో మూడు ప్రపంచ రికార్డులను బద్దలుకొట్టి, నాల్గవదానిని సమము చేసెను. ఆనాటి అతని దూకుడు 26 అడుగుల 8 అంగుళములకు పైబడినది. ఇరువదియైదేండ్లు దానిని మించినవాడు లేడు.

మొదటి ప్రపంచ యుద్ధానంతరము మోటారు కార్లు పెరిగెను. దూరపు ఊళ్లవారును ఆటకు రాసాగిరి. ఫెర్రీ ఫీల్డులో నలుబది వేలకు పైగా ఆసనములున్నను చాలలేదు. యోస్ట్ క్రొత్త ప్రాంగణము కావలెననెను. ఆచార్యులలో పలువురు అందుకు జంకిరి. విద్యాలయము చదువు కొరకా, ఆట కొరకా? టిక్కెట్ల సొమ్ము రుచిమరగినచో గ్రంథాలయము గతి యేమి? వారి శంక పస లేనిది కాదు. ఎడ్మండ్ డే అను ఆచార్యుని అధ్యక్షతన ఒక సంఘము విచారణ జరిపి 1926లో నివేదిక నిచ్చెను. ప్రాంగణము కట్టవచ్చును, కాని అందువలన వచ్చు లాభము జట్టులోని కొలదిమందికే గాక విద్యార్థులందరి ఆటలకు వినియోగపడవలెనని దాని సారాంశము. ఆ ప్రకారమే 1928లో సామాన్య విద్యార్థులకై ఒక వ్యాయామ భవనమును, బాలికలకై వేరొక భవనమును వెలసెను. నా మట్టుకు నాకు, ఈ కథయందు మిక్కిలి మెచ్చదగిన ఘట్టమిది.

ధనము కొరకు ప్రభుత్వము నాశ్రయింపలేదు. ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున మూడువేల ఋణపత్రములను విక్రయించిరి. కొన్నవారికి వడ్డీతోబాటు మంచి ఆసనములకు టిక్కెట్లు కొను హక్కు నిచ్చిరి. ఎంచుకొన్న పల్లపు నేలలో నీటి ఊటలు మెండు. త్రవ్వుచుండగా ఒక యంత్రము బురదలో దిగబడి నేటికిని అడుగుననే యున్నదని ఆ యూరివారు చెప్పుకొందురు. అది కథయే కావచ్చును. ప్రాంగణములో ముక్కాలు భాగము నేలమట్టమునకు దిగువనే యుండుటచే బయటినుండి చూచువారికి అది అంత పెద్దదిగా తోచదు.

1927 అక్టోబరు 1న అందు తొలి పందెము జరిగెను. స్థిరాసనములు 72,000, యోస్ట్ కొయ్యబల్లలు చేర్పించి ఆ సంఖ్యను 84,401 చేసెను. అంతేకాదు, మున్ముందు లక్షమందికి పైగా పట్టునట్లు పెంచుటకు వీలైన పునాదులు వేయించెను. నాడు నవ్వినవారుండవచ్చును. 1956లో ఆసనములు 101,001కి పెరిగెను. 2013లో ఒకనాటి పందెమునకు 115,109 మంది వచ్చిరి.

ఆ చివరి ఒకటి యేమి? క్రీడాశాఖకు చాలకాలము అధిపతియైన ఫ్రిట్జ్ క్రిస్లర్ గౌరవార్థము ఒక ఆసనము అదనముగా లెక్కింతురు. అది యెచ్చటనున్నదో ఎవ్వరికిని చెప్పరు. ఆయన కొరకు చోటు దొరికినది. చక్రముల కుర్చీలో తిరుగువారికి మాత్రము చాలినంత చోటు లేకుండెను. 2007లో ప్రాంగణమును మరల పెంచబూనగా, అవయవములు చచ్చుబడిన మాజీ సైనికుల సంఘమువారు న్యాయస్థానమున దావా వేసిరి. 2008లో రాజీ కుదిరెను. 2010 నాటికి చక్రముల కుర్చీలకు 329 చోట్లను, వాటి ప్రక్కనే తోడువచ్చినవారికి ఆసనములను కల్పించుటకు విశ్వవిద్యాలయము అంగీకరించెను.