ఇంట్లోనే రికార్డింగ్ థియేటర్! మరి చెవులకేం పెడదాం?

ఒకప్పుడు పాట రికార్డింగంటే అదో పెళ్లి హడావుడి! మద్రాసులో థియేటర్ దొరకాలి. వాద్యబృందమంతా ఒకచోట చేరాలి. గాయనీ గాయకులు వేళకు రావాలి. చివరి చరణంలో ఒక్క వయొలిన్ శ్రుతి తప్పిందా... పాట మళ్లీ పల్లవి నుంచే! తర్వాత ట్రాకులొచ్చాయి, కంప్యూటర్లొచ్చాయి. 1989లో ఎ.ఆర్. రెహమాన్ కోడంబాకంలో తన ఇంటి పెరట్లోనే 'పంచతన్ రికార్డ్ ఇన్' కట్టుకున్నారు. 1992లో 'రోజా' పాటలు దేశమంతా మోగాక ఇంటి స్టూడియో సత్తా ఏమిటో అందరికీ తెలిసింది.

ఇప్పుడు పెరడు కూడా అక్కర్లేదు. ఒక లాప్‌టాప్, ఒక మైకు, మధ్యలో ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బా, తలుపు వేసుకునే గది... అంతే, స్టూడియో సిద్ధం! అయితే మైకు మీద వేలకు వేలు పోసేవాళ్లు కూడా హెడ్‌ఫోన్ల దగ్గరికొచ్చేసరికి, "ఫోన్లో పాటలు వినేవి ఉన్నాయిగా!" అని చప్పరించేస్తారు. తిప్పలన్నీ అక్కడే మొదలు.

'టక్ టక్' తెచ్చిన తంటా

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ట్రాకులు పాడుతూ అవకాశాల కోసం చూస్తున్న ఓ కుర్రాణ్ని ఈ వ్యాసం కోసం కలిశాను. "గొంతు బాగుందన్నారు సార్. కానీ వెనకాల టక్ టక్‌మని తాళం వినపడుతోందట. మళ్లీ పాడి పంపేలోగా ఇంకొకరితో పాడించేశారు" అన్నాడు. ఆ టక్ టక్ ఎక్కడిదంటారా? అతని హెడ్‌ఫోన్లలో మోగే క్లిక్ ట్రాక్‌దే! కప్పుల్లోంచి బయటికి కారి మైకులో పడింది. గొంతు మీద ఒకసారి పడ్డ ఆ మరకను తర్వాత తుడవడం మహా కష్టం.

మూసినవా? తెరిచినవా?

హెడ్‌ఫోన్లలో ప్రధానంగా రెండు జాతులు. కప్పుల వెనక భాగం మూసి ఉండేవి ఒకటి. వీటిలోంచి శబ్దం బయటికి పెద్దగా పోదు, బయటి శబ్దం లోపలికి పెద్దగా రాదు. పాడేటప్పుడు, వాయించేటప్పుడు పెట్టుకోవాల్సినవి ఇవే. 1991లో వచ్చిన సోనీ ఎండీఆర్-7506, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో ఈ జాతివే.

రెండోది వెనక జాలీ ఉండేది. 1968లో సెన్‌హైజర్ కంపెనీ హెచ్‌డీ 414తో ఈ పద్ధతికి దారి వేసింది. శబ్దం కప్పులో చిక్కుకుని గిరికీలు కొట్టదు గనక పాట గాలి ఆడినట్టు హాయిగా వినిపిస్తుంది. గంటల తరబడి మిక్సింగ్ చేసేవారికి ఇవే సుఖం. సెన్‌హైజర్ హెచ్‌డీ 600, బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో ఇలాంటివి. కాని మైకు ముందు వీటిని పెట్టుకుంటే మన కృష్ణానగర్ కుర్రాడి గతే! పైగా మీ ఫాను చప్పుడు, వంటింట్లో కుక్కర్ విజిల్ నేరుగా మిక్సింగ్‌లోకి వచ్చేస్తాయి. ఏకేజీ కె240 లాంటివి ఈ రెంటికీ మధ్యరకం.

రెండు జతలు కొనే స్తోమత ఉంటే ఒక్కో పనికి ఒక్కోటి. ఒకటే కొనగలిగితే? సందేహం లేదు, మూసినవే కొనండి. వాటితో మిక్సింగ్ ఎలాగో నెట్టుకురావచ్చు. తెరిచినవాటితో పాడడం కుదరదు.

పొగిడే అద్దం వద్దు

పాటలు వినడానికి చేసిన చాలా హెడ్‌ఫోన్లు బేస్‌ను దిట్టంగా పెంచి వినిపిస్తాయి. వినడానికి బ్రహ్మాండం! మిక్సింగ్‌కు మాత్రం విషం. ఎందుకంటారా? లేని బేస్‌ను ఉన్నట్టు చూపిస్తే, ఎక్కువైందనుకుని మీరు తగ్గించేస్తారు. ఆ పాట బయట స్పీకర్లో వినేసరికి ఉప్పు లేని పప్పులా ఉంటుంది. అలాగే పైస్థాయిని ఎక్కువ మెరిపించేవాటితో మిక్స్ చేస్తే బయట పాట మసకబారుతుంది. హెడ్‌ఫోన్లు ఏ తప్పు చేస్తే, మీ మిక్సింగ్ దానికి సరిగ్గా ఎదురు తప్పు చేస్తుందన్నమాట! మీకు కావలసింది ఉన్నదున్నట్టు చూపించే అద్దం.

అట్టపెట్టె మీద '5 నుంచి 35,000 హెర్ట్జ్' లాంటి అంకెలు చూసి మురిసిపోకండి. మనిషి చెవి పరిధే సుమారు 20 నుంచి 20,000 వరకు. ఆ మధ్యలో ఏది ఎక్కువగా, ఏది తక్కువగా వినిపిస్తుందో ఆ అంకెలు చెప్పవు.

చెప్పే అంకె ఇంకోటుంది... ఓమ్స్. ఇది ఎక్కువగా ఉన్నవాటిని గట్టిగా మోగించాలంటే మామూలుగా ఎక్కువ వోల్టేజి కావాలి. డీటీ 770 ప్రోలో 32, 80, 250 ఓమ్స్ రకాలున్నాయి. హెచ్‌డీ 600కు 300. ఇలాంటివి లాప్‌టాప్‌కు నేరుగా తగిలిస్తే గొంతు పూడుకుపోయినట్టు వినిపించే ప్రమాదం ఉంది. 63 ఓమ్స్ సోనీ 7506, 38 ఓమ్స్ ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ వంటివాటితో ఆ బెంగ తక్కువ.

కొట్లో చేయాల్సిన పరీక్ష

కొనేముందు ఒక ఘంటసాల పాట పెట్టించుకోండి. హాస్యం కాదు! ఆనాటి మోనో రికార్డింగులో కుడి ఎడమలకు వెళ్లేది ఒకటే శబ్దం. (స్టీరియోగా మార్చినది కాకూడదు సుమా!) గొంతు సరిగ్గా మీ తల మధ్యలో నిలబడాలి. ఒక పక్కకు ఒరిగిందా... హెడ్‌ఫోన్లు తిప్పి పెట్టుకోండి. ఒరుగుడు కూడా రెండో చెవికి మారితే లోపం హెడ్‌ఫోన్లలోనో, పాట పెట్టిన పరికరంలోనో ఉంది. అదే చెవి దగ్గర ఉండిపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది మీరే!

తర్వాత మీకు కంఠతా వచ్చిన కొత్త పాట వినండి. 'స', 'శ' అక్షరాలు చెవిలో సూదుల్లా గుచ్చుతున్నాయా? తబలా ఎడమ దెబ్బ, బేస్ గిటార్ విడివిడిగా తెలుస్తున్నాయా, ముద్దగా కలిసిపోతున్నాయా? కళ్లజోడు ఉన్నవాళ్లు దాంతోనే పెట్టి చూడండి. కళ్లజోడు కాడ దగ్గర సందు పడితే బేస్ తగ్గిపోతుంది. ఇరవై నిమిషాలు తల మీదే ఉంచండి, నొక్కుడు అప్పటికిగాని తెలియదు. కుషన్లు విడిగా దొరుకుతాయో లేదో అడగండి. అవి అరిగితే శబ్దమే మారిపోతుంది.

వైరు లేని బ్లూటూత్‌వి మాత్రం పాడడానికి పనికిరావు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటులో నాలుగో వంతు 125 మిల్లీసెకన్లు. అంటే ఇంచుమించు ఒక పావు బీటు వెనకపడి పాడతారు!

పాడేటప్పుడు ఓ మాట

రెండు చెవులూ మూసుకుంటే మన గొంతు మనకే బిందెలోంచి వచ్చినట్టుంటుంది, శ్రుతి జారుతుంది. అందుకే చాలామంది ఒక కప్పు పక్కకు జరుపుతారు. మంచిదే, కాని ఆ తెరిచిన కప్పులోంచే టక్ టక్ కారుతుంది. ఆ వైపు శబ్దం పూర్తిగా కట్టేసి పాడండి.

మిక్సింగ్‌లో ఇంకో చిక్కు. స్పీకర్లలో వింటే ఎడమ స్పీకర్ శబ్దం కుడి చెవికీ కాస్త చేరుతుంది. హెడ్‌ఫోన్లలో చేరదు. అందుకే కుడి ఎడమలు ఉన్నదానికంటే దూరంగా తోస్తాయి. పూర్తయిన పాటను ఒకసారి కారులో, ఒకసారి ఫోన్ స్పీకర్లో వినకుండా ఎవరికీ పంపకండి.

చెవులు మాత్రం కొట్లో దొరకవు!

బొంగురుపోయిన గొంతు విశ్రాంతితో మళ్లీ వస్తుంది. లోపలి చెవిలోని సన్నని కేశకణాలు చస్తే మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దు అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వేళ సగమైపోతుంది. 94 దగ్గర ఒక్క గంటే! అర్ధరాత్రి దాటాక ఉత్సాహంలో వాల్యూమ్ తిప్పే చేతిని అదుపులో పెట్టుకోండి. గంటకోసారి తీసి పక్కన పెట్టండి. చెవిలో గింగురుమంటే ఆ రోజుకు ఆపేయండి.

ఇక తలుపు వేసుకోండి, ఫాను ఆపండి, పల్లవి అందుకోండి. ఏమో... రేపు ఈ పేజీల్లో మీ ఫోటోయే రావచ్చు!