నడుము నొప్పి దరఖాస్తు వచ్చినప్పుడు

మన సొసైటీకి వైద్య సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తులు చదివి, ఆ ఇళ్లకు వెళ్లి విచారించే పని కొన్నేళ్లుగా నాది. వాటిలో నడుము నొప్పి, మెడ నొప్పి అంటూ వచ్చేవి తక్కువేమీ కావు. అడిగేది దాదాపు ఒక్కటే, ఎమ్మారై స్కానింగ్‌కు డబ్బు. నేను డాక్టర్ని కాను, బీఎడ్ చదివిన టీచర్ని. డాక్టర్లను అడిగి తెలుసుకున్నవీ, ఒకసారి పొరపాటు పడి నేర్చుకున్నదీ దాతలైన మీ ముందు పెడుతున్నాను.

ముందుగా నా పొరపాటు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నడుము నొప్పి అంటుండేది. బడి అయ్యాక తల్లితో పాటు మగ్గం వర్కుకు కూర్చునేది కాబట్టి, "నిటారుగా కూర్చో బేటీ, బ్యాగులో పుస్తకాలు తగ్గించు" అని పంపేశాను. సాయంత్రాలు ఒళ్లు వెచ్చగా ఉండటం, యూనిఫాం వదులైపోవడం చూస్తూనే ఉన్నాను, కానీ ఆ రెంటినీ నొప్పితో కలిపి ఆలోచించలేదు. కొన్ని నెలలకు మెట్లెక్కలేని స్థితి వచ్చింది. అప్పుడు తేలింది, వెన్నెముకకు టీబీ. "ఆపా, పని వల్లే అనుకున్నాం" అని తల్లి ఏడ్చింది. నేనూ అలాగే అనుకున్నాను. మందులతో పిల్ల కోలుకుంది, చదువులో మాత్రం ఒక ఏడాది పోయింది.

నిజానికి ఎక్కువ మందికి వచ్చేది పని వల్ల వచ్చే నొప్పే. మెడలో 7, వీపులో 12, నడుములో 5 వెన్నుపూసలు, వాటి మధ్య మెత్తటి డిస్కులు, చుట్టూ కండరాలు. ఫలక్‌నుమా, జహానుమా గల్లీల్లో కార్చోబ్ ముందు నేల మీద కూర్చుని, తల వంచి రోజంతా జర్దోజీ కుట్టేవాళ్లకు మెడ పట్టేస్తుంది. ఆటో నడిపేవాళ్లకూ, నీళ్ల బిందెలు మేడ మీదికి మోసే ఆడవాళ్లకూ నడుము పడుతుంది. ఈ నొప్పికి ఒక తీరుంది: పని ఎక్కువైన రోజు పెరుగుతుంది, సెలవు రోజు తగ్గుతుంది. చాలామందికి ఆరు వారాల్లో సర్దుకుంటుంది. మంచం పట్టకుండా ఓపినంతలో తిరుగుతూ ఉండాలి. ఒకావిడ స్కానింగ్‌కు దరఖాస్తు పెట్టి, ఈలోగా కార్చోబ్ కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచుకుంది, గంటకోసారి లేవడం మొదలుపెట్టింది. తర్వాత తనే వచ్చి దరఖాస్తు వెనక్కి తీసుకుంది.

డిస్కు జారి నరం నొక్కుకుంటే నొప్పి నడుము దగ్గర ఆగదు. పిరుదు నుంచి మోకాలు దాటి పాదం దాకా దిగుతుంది, దగ్గినా తుమ్మినా జివ్వుమంటుంది. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు వేయమంటాను. ఒక కాలు తేలిపోతే డాక్టరు చూడాల్సిందే. మెడ దగ్గరైతే చేతికి తిమ్మిరి వస్తుంది. చేతిలోని వస్తువులు జారిపోతున్నా, నడక తూలుతున్నా ఆలస్యం చేయకూడదు. అలాంటివాళ్లు మంగలి షాపులో మెడ విరిపించుకోవడం, పహిల్వాన్ దగ్గర లాగించుకోవడం చాలా ప్రమాదం.

మరి అందరికీ స్కానింగ్ ఎందుకు వద్దంటే, ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లను చూసిన 33 అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చారు. మొత్తం 3,110 మంది. యాభై ఏళ్ల వయసువాళ్లలో వందకు 60 మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. అంటే రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అని ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం అదేనని చెప్పలేం. ఆ రిపోర్టు పట్టుకుని భయపడి పని మానేసినవాళ్లను చూశాను.

కొన్ని లక్షణాలు వేరు. విశ్రాంతిలోనూ, రాత్రిపూటా తగ్గని నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, వెన్ను మధ్య బొడిపె ఉంటే టీబీ అనుమానించాలి. దగ్గు లేకపోయినా వెన్నుకు టీబీ రావచ్చు. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పోషణ కోసం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడుతున్నాయి. కుర్రవాళ్లలో పొద్దున్నే నడుము బిగుసుకుపోయి, తిరిగితే సడలే నొప్పి మూడు నెలలు దాటితే అది కీళ్లవాతం కావచ్చు. ఎండ తగలని ఇళ్లలో ఉండే ఆడవాళ్లను "సజ్దా నుంచి లేవడానికి చేతుల ఊతం కావాలా?" అని అడుగుతాను. ఔనంటే విటమిన్ డి లోపం కూడా చూడమని బస్తీ దవాఖానాకు పంపుతాను. ముసలమ్మలు చిన్నగా జారిపడినా వెన్నుపూస విరగవచ్చు.

అన్నిటికంటే తొందరైనది ఒకటుంది. తొడల లోపలి వైపు, కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఉస్మానియా లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి చేర్చాలి. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా ఉండిపోవచ్చు. ఈ సంగతి అడగడానికి ఆడవాళ్లు సిగ్గుపడతారు, చెప్పడానికి ఇంకా సిగ్గుపడతారు. నేను మాత్రం తలుపు దగ్గరికి వేసి అడుగుతాను.

ఈ ఏడాది దరఖాస్తు ఫారంలో కొత్తగా మూడు ప్రశ్నలు చేర్చాం: జ్వరం ఉందా, కాలూ చేయీ బలహీనపడ్డాయా, మూత్రం సరిగ్గా వస్తోందా. కమిటీని ఇంకొకటి కూడా అడిగాను. మూడో ప్రశ్నకు తేడా జవాబు వస్తే నెలవారీ మీటింగు దాకా ఆగకుండా, ఆ పూటే ఆటో ఖర్చు ఇచ్చి పంపే అధికారం ఒక్క సభ్యుడికైనా ఉండాలని.