ఎడింబరో గ్రంథాలయమున వ్రాతప్రతులు

గ్రంథాలయమనగానే వరుసలు తీర్చిన అచ్చుపుస్తకములే మన కన్నులకు గట్టును. అచ్చుపుస్తకము చినిగినచో మరియొక ప్రతిని తెప్పించుకొనవచ్చును. కాని ఒక మనుష్యుడు తన చేతితో వ్రాసిన జాబు ప్రపంచమున ఒక్కటియే ఉండును. అది పోయినచో మరల రాదు. అట్టి ఒంటి ప్రతులను దాచుటలో స్కాట్లండు జాతీయ గ్రంథాలయము పేరుపొందినది. అది ఎట్లు ఏర్పడినదో, అందలి కాగితములు మనకేమి తెలుపుచున్నవో ఇచట విచారింతము.

ఎడింబరో నగరమున న్యాయవాదుల సంఘమువారు తమ వృత్తికై నెలకొల్పుకొనిన పుస్తక భాండారమునకు 1689లో ప్రారంభోత్సవము జరిగినది. 1710 నాటి గ్రంథస్వామ్య చట్టమువలన బ్రిటనులో అచ్చయిన పుస్తకములను ఉచితముగా పొందు హక్కు దానికి లభించినది. తత్త్వవేత్తయు చరిత్రకారుడు నగు డేవిడ్ హ్యూము 1752 నుండి 1757 వరకు అచట గ్రంథపాలకుడుగా నుండెను. రెండు శతాబ్దులు గడచునప్పటికి ఆ భాండారము ఒక సంఘము పోషింపగల పరిమాణమును మించిపోయినది. బిస్కట్ల వ్యాపారమున ధనము గడించిన అలెగ్జాండర్ గ్రాంటు లక్ష పౌనులు మూలధనముగా నొసగెను. న్యాయశాస్త్ర గ్రంథములను మాత్రము తమకుంచుకొని తక్కిన సర్వస్వమును న్యాయవాదులు జాతికి సమర్పించిరి. 1925లో పార్లమెంటు చేసిన శాసనముచే జాతీయ గ్రంథాలయము అవతరించినది. కొత్త భవనము 1938లో మొదలై, యుద్ధమువలన ఆగి, 1956లో గాని తెరువబడలేదు.

ఇందలి కాగితములలో హృదయమును ఎక్కువగా కదలించునది మేరీ రాణి కడపటి లేఖ. 1568లో స్కాట్లండు విడిచి శరణుకోరి వచ్చిన ఆమెను ఎలిజబెత్తు రాణి ఇంగ్లండులో దాదాపు పందొమ్మిదేండ్లు నిర్బంధించి, తుదకు మరణశిక్షకు చేవ్రాలు చేసెను. 1587 ఫిబ్రవరి 8వ తేదీన, రాత్రి రెండు గంటలవేళ, ఫొదరింగే కోటలో మేరీ ఈ జాబు వ్రాసెను. తన మొదటి భర్తకు తమ్ముడగు ఫ్రాన్సు రాజు మూడవ హెన్రీకి, ఫ్రెంచి భాషలో వ్రాసిన జాబిది. ఉదయము ఎనిమిది గంటలకు తనను నేరస్థురాలివలె చంపనున్నారని అందు తెలిపెను. తన కాగితములను తీసికొనిపోయినందున మరణశాసనము వ్రాయుటకును వీలుపడలేదని చెప్పుకొనెను. తన ఆత్మశాంతికి ప్రార్థనలు జరిపింపుమనియు, తన్ను కొలిచిన సేవకులకు రావలసిన జీతములు చెల్లింపుమనియు వేడెను. ఆరోగ్యమునకు మంచివని రెండు అరుదైన రాళ్లను కూడ పంపెను. మేరీ రాజకీయములను గూర్చి చరిత్రకారులు నేటికిని వాదించుచునే యున్నారు. అయినను ఆరు గంటల ఆయువు మాత్రమే మిగిలిన వేళ ఆమె నౌకర్ల జీతపు బాకీని మరువలేదన్న సంగతికి ఈ కాగితమే సాక్షి.

రాజులే గాక సామాన్యులును ఇట్టి నిధులకు కారకులైరి. 1568లో ఎడింబరోలో మహామారి వ్యాపించినపుడు జార్జి బానటైన్ అను యువక వర్తకుడు, చేయుటకు పనిలేక, దొరికిన స్కాచి కవితలనెల్ల ఒక పెద్ద పుస్తకమున కెక్కించెను. డన్బారు, హెన్రిసన్ మొదలగు కవుల రచనలు కొన్ని ఆ ఒక్క ప్రతివలననే నేడు మిగిలియున్నవి.

దీనికి విరుద్ధమైన కథ ఆకిన్‌లెక్ ప్రతిది. 1330 ప్రాంతమున లండనులో పలువురు లేఖకులు తోలుపత్రములపై వ్రాసిన ఆంగ్ల కావ్య సంపుటమిది. 1744లో ఇది న్యాయవాదుల గ్రంథాలయమునకు కానుకగా వచ్చెను. కాని అంతకుముందే దాని బొమ్మలను ఎవరో కత్తిరించుకొనిపోయిరి. విడిపోయిన పత్రములు కొన్ని నోటుపుస్తకములకు అట్టలుగా ఉపయోగపడినవి! విలువ తెలియనివారి చేతబడిన వ్రాతకు పట్టిన దుర్గతి యిది.

జాతి మేలుకొన్నచో జారిపోయిన సొమ్మును తిరిగి రాగలదు. మహాకవి రాబర్ట్ బర్న్సు తన మిత్రుడగు రిడెల్ కొరకు రెండు సంపుటములు సిద్ధపరచెను: ఒకటి పద్యములది, రెండవది లేఖలది. 1796లో కవి మరణించిన పిమ్మట అవి ఆయన జీవితచరిత్రకారుని ఇంటికి చేరి, అటుపై లివర్పూలులో ఒక సంస్థవారి వశమైనవి. వారు 1913లో వానిని అయిదువేల పౌనులకు అమ్మివేయగా స్కాట్లండు అంతటను ఆందోళన చెలరేగినది. అమెరికాలో ఫిలడెల్ఫియా వాసియగు జాన్ గ్రిబెల్ వానిని కొని, తనవద్ద నుంచుకొనక, స్కాట్లండు ప్రజలకే కానుక యిచ్చెను.

మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు సేనలకు ఫ్రాన్సులో నాయకుడైన హెయిగు దినచర్య వేరొక పాఠము నేర్పును. యుద్ధరంగమున తాను చేతితో వ్రాసిన ప్రతియు, తరువాత టైపు చేయించిన ప్రతియు రెండును ఇచట కలవు. టైపు ప్రతిలో కొన్ని మార్పులును చేర్పులును కానవచ్చును. మొదటిది నశించి రెండవదే మిగిలియున్నచో, ఆ నాడు తోచిన మాట యేదో, పిదప సవరించిన మాట యేదో తెలిసికొను దారి యుండెడిది కాదు.

వీనిని కాపాడుట సులభమైన పని కాదు. పూర్వపు ఐరోపా సిరాను మాచికాయలు, అన్నభేది, బంక కలిపి చేసెడివారు. కాలక్రమమున ఆ సిరాలోని ఆమ్లము కాగితమునే తినివేయును. అందువలన గదిలోని చలిని, తేమను ఒకే తీరున నిలుపవలెను. వెలుతురు ఎక్కువగా సోకనీయరాదు. మేరీ లేఖను అరుదుగా మాత్రమే ప్రదర్శింతురు. వ్రాతప్రతులు చదువగోరువారు పెన్సిలుతోనే గుర్తులు వ్రాసికొనవలెను. నేడు పెక్కు ప్రతుల ఛాయాచిత్రములను ఇంటర్నెట్టులో ఇంటనుండియే చూడవచ్చును. మూలప్రతికి ఆ మేరకు శ్రమ తగ్గినది.

మన తెలుగుదేశమునకు ఈ స్కాట్లండువారితో ఒక చుట్టరికము కలదు. మన గ్రామముల కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమువాడే. ఆయనకు కుడిభుజమై పనిచేసినవారు మన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. 1821లో మెకంజీ మరణించిన తరువాత ఆ కాగితములు శిథిలమగుచుండగా బ్రౌను దొర వానికి ప్రతులు వ్రాయించెను. ఆ శ్రమ లేకున్నచో ఎన్ని గ్రామముల పూర్వకథలు మనకు దక్కకుండెడివో!

మన యిండ్లలోను పాత పెట్టెల అడుగున తాతల నాటి జాబులు, దస్తావేజులు, పద్దు పుస్తకములు ఉండకపోవు. వానిని చిత్తుకాగితముల వానికి తూచి యిచ్చుటకు ముందు ఒకసారి విప్పి చదువుట మంచిది. చెదలు పట్టని చోట దాచి, చదువ తెలిసినవారికి చూపినచో మరియు మంచిది. బానటైన్ సామాన్య వర్తకుడే. ఆయన చేసిన పని మనలో ఎవరికిని అసాధ్యము కాదు.