పాత ట్రాక్టరు వణకుచు ఆగిపోవుట

దుక్కి అదను రైతుకొఱకు కాచుకొని యుండదు. అట్టి తరుణమున పాత డీజిల్ ట్రాక్టరు, వేగము తగ్గించినంతనే వణకుచు ఆగిపోయినచో, వెంటనే ఇంజను విప్పించుట తగదు. ఖర్చులేని పరీక్షలను ముందుగా చేయవలెనని సభ్యులకు మా మనవి.

మొదట ట్యాంకు మూతను వదులుచేసి నడిపి చూడుడు. దోషము పోయినచో మూతలోని గాలిరంధ్రము పూడినదని యెఱుంగవలెను. పోనిచో ఫిల్టరు అడుగుమరను విప్పి, చేరిన నీటిని, మడ్డిని తీసివేయుడు. ఫిల్టరు నల్లబడి పూడియున్న మార్చుడు. పిదప గొట్టముల అతుకులు బిగించి, ఫిల్టరు పైమరను వదులుచేసి, బుడగలులేని డీజిలు వచ్చువఱకు చేతిపంపు కొట్టుడు. గొట్టములో గాలి చేరినచో ఇంజనుకు డీజిలు సరిగా అందదు.

అప్పటికిని వణకు తగ్గనియెడల మేస్త్రీని పిలువవలెను. అతడు ఇంజను నడుచుచుండగా ఇంజెక్టరు గొట్టముల నట్టులను ఒక్కొక్కటిగా వదులుచేసి, మరల బిగించుచు వచ్చును. దేనిని వదులుచేసినను నడకలో మార్పు రాదో, ఆ సిలిండరుననే దోషము కలదు. ఆ యొక్కదానిని బాగుచేయించిన చాలును.

ఈ పరీక్షను స్వయముగా చేయరాదు. ఒత్తిడితో చిమ్ము డీజిలు చర్మమును దూసికొని లోనికి పోవును. గాయము సూదిమొనయంతయే యైనను తక్షణమే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యమైన చేతికే ముప్పు.