పార్కిన్సన్స్ వచ్చిందని కూర్చోబెట్టొద్దు.. నడకా మందే!

చేతులు వణుకుతాయి, నడక మందగిస్తుంది. ఇంట్లో పెద్దాయనకు పార్కిన్సన్స్ అని తేలగానే పిల్లలు చెప్పే మాట ఒక్కటే.. 'నువ్వు లేవొద్దు నాన్నా, పడిపోతావ్. అన్నీ మేం చూసుకుంటాం'. ప్రేమతో చెప్పే ఈ మాటే చేటు చేస్తుంది. కదలకపోతే కండరాలు ఇంకా బిగుసుకుపోతాయి, కాళ్లలో బలం తగ్గుతుంది. చివరికి పడిపోయే ముప్పే పెరుగుతుంది.

మాత్రలు సరిపోవా?

మెదడులో డోపమైన్ తయారు చేసే కణాలు నశించడమే ఈ జబ్బుకు మూలం. లెవోడోపా మాత్రలతో బిగుతు, వణుకు తగ్గుతాయి. కానీ బ్యాలెన్స్ తప్పడం మాత్రలకు అంతగా లొంగదు. వ్యాయామం అవసరం అక్కడే.

మందులు ఇంకా మొదలుపెట్టని 128 మందిపై అమెరికాలో 6 నెలల పాటు చేసిన పరిశోధన 2018లో వెలువడింది. ట్రెడ్‌మిల్‌పై గుండె వేగం బాగా పెరిగేలా నడిచిన వారిలో లక్షణాలు దాదాపు ముదరలేదు. తాయ్ చీ సాధనతో పడిపోవడం తగ్గిందని 2012లో మరో పరిశోధన తేల్చింది.

ఊళ్లో ఎలా?

నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా లాంటి చోట నరాల డాక్టర్ కోసం కర్నూలుకో, నంద్యాలకో బస్సెక్కాలి. రోజువారీ వ్యాయామానికి మాత్రం ఇంటి వాకిలి చాలు.

* మాత్ర పనిచేస్తూ ఒళ్లు తేలిగ్గా ఉన్న సమయంలోనే మొదలుపెట్టాలి.
* సీమ ఎండలకు తెల్లవారుజామునే నడక మేలు. చేతులు ఊపుతూ, పెద్ద అడుగులు వేయాలి.
* గట్టి కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు చేయాలి. పక్కన ఒకరుండాలి.
* అడుగు పడక ఆగిపోతే తోయొద్దు, లాగొద్దు. నేలపై గీత గీసి దాటమనాలి. లేదా 'ఒకటి, రెండు' అని లెక్కపెట్టాలి.
* వెనక్కి తిరిగేటప్పుడు ఒక్కసారిగా కాకుండా చుట్టు తిరిగి రావాలి.
* గొంతు సన్నబడకుండా రోజూ పేపర్ బిగ్గరగా చదవాలి.

ఇవి చేయొద్దు

లేవగానే కళ్లు తిరిగితే వెంటనే కూర్చోవాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు, ఇప్పటికే పడిపోయినవారు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి. వ్యాయామం చేస్తున్నామని మాత్రలు మానేస్తే అసలుకే మోసం.

వ్యాయామం జబ్బును నయం చేయదు. కానీ ఒకరి సాయం లేకుండా స్నానానికి, అరుగు మీదికి వెళ్లగలిగే రోజులను పెంచుతుంది. అందుకే 'కూర్చో నాన్నా' కాదు.. 'పద నాన్నా, నేనూ వస్తా' అనాలి.